గంజి పెట్టిన జెర్సీలు

ఈ సంగతి మీలో కొందరు ఇదివరకే విని ఉంటారు. దుబాయ్‌లో కరామా వైపు ఉన్నవాళ్ళు, అక్కడ మా నెల్లూరు భాయ్ లాండ్రీలో బట్టలు ఇచ్చినవాళ్ళు తప్పకుండా విని ఉంటారు. ఆయన చెప్పేది అబద్ధమని నేననను. కాకపోతే ఆయన కథలో నేను మరీ మంచివాడిని. వినేవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఆ మనిషి నేనేనని తెలిస్తే ఇటు తిరిగి నాకో దండం పెడతారు. పెట్టిన ప్రతిసారీ నా ఒళ్ళు మండుతుంది. గంజి నాది, పరువు పోయింది నాది, చెప్పి మెప్పు పొందేది ఆయన! నేను ఎక్కడైనా మొదలుపెడితే, "ఆగు తాతా, భాయ్ చెప్తే బాగుంటది" అంటారు. అందుకే ఈసారి నోటితో కాదు, కలంతో చెప్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరం ఎక్కడైనా వంకర పోతే మీరే చక్కదిద్దుకొని చదవండి.

మాది చాకలోళ్ళ ఇల్లు. జగిత్యాల దిక్కు పల్లె. మా అయ్య వెంట రేవుకు పోయి, బాన కింద మంటపెట్టి, చవుడు నీళ్ళలో ఉడికిన బట్టను బండమీద బాదుతూ పెరిగినవాడిని. మా పక్క ఊళ్ళో పోలీసు ఠాణా ఉండేది. అక్కడి జమేదారు నిక్కర్లు మా ఇంటికే వచ్చేవి. వాటికి మా అమ్మ పెట్టే గంజి చూడాలి మీరు. నిక్కరును నేలమీద నిలబెడితే దానంతట అదే నిలబడేది. లోపల మనిషి లేకున్నా పోలీసే నిలబడ్డట్టు ఉండేది. పిల్లలం దాన్ని చూసి భయపడేవాళ్ళం. ఈ నిక్కరును కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

దుబాయ్ పోతున్నానని ఊరంతా చెప్పి బయలుదేరితే, దిగింది ఉమ్ అల్ క్వైన్‌లో. అప్పట్లో మాకు ఎడారి మొత్తం దుబాయే. సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీలో పని. అచ్చులోంచి తీసిన బ్లాకును రెండు చేతులా ఎత్తి ఎండలో పేర్చాలి, ఆరినదాన్ని మళ్ళీ ఎత్తి లారీలో పేర్చాలి. అరచేతులు పగిలి సిమెంటు లోపలికి పోయేది. అన్నం ముద్ద కలుపుకుంటే మంట. అట్లా రెండేళ్ళు. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు, ఒకనాడు ఫ్యాక్టరీకి వచ్చి తెల్లటి కందూరా మీద, అదే వాళ్ళ పొడుగు అంగీ మీద, గ్రీజు పూసుకున్నాడు. నేను ఊరుకోలేక అడిగి తీసుకొని, ఉతికి, ఆరేసి తెచ్చిచ్చాను. మచ్చ ఎక్కడుందో ఆయన వెతుక్కున్నాడు, దొరకలేదు. ఆ కఫీలే దగ్గర్లో ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు పెద్దల్లో ఒకడు. మరుసటి వారం నన్ను తీసుకుపోయి అక్కడ దించాడు. ఆటగాళ్ళ బట్టలు ఉతకడం ఇక నా పని.

అది చిన్న క్లబ్బు. రెండో డివిజన్ జట్టు. పిల్లలంతా పగలు వేరే కొలువులు చేసుకొని సాయంత్రం ఆడుకునేవాళ్ళు. ఒకడు పోలీసు, ఒకడు ఓడరేవులో గుమాస్తా. కెప్టెన్‌కు సొంత పడవ ఉండేది, చేపలు పట్టేవాడు. స్టోర్ రూము వెనక నాకు ఒక బండ, మూడు డ్రమ్ములు. బావి నీళ్ళు ఉప్పు, సబ్బు నురగ రాదు. మంచినీళ్ళ ట్యాంకర్ వచ్చిననాడు పండగ. మట్టి, చెమట, గడ్డి మరకలు అన్నీ నా బండ మీదే పోయేవి. కెప్టెన్ సముద్రం నుంచి వచ్చినప్పుడల్లా కాగితంలో చుట్టి ఒక చేప నా చేతిలో పెట్టేవాడు. "సదీక్" అనేవాడు, దోస్తూ అని.

వీటన్నిటికంటే గొప్పది స్టూలు. ఆట జరిగేటప్పుడు జట్టు కూర్చునే బెంచీ పక్కన నాకొక ఇనుప స్టూలు వేసేవాళ్ళు. తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు నా కాళ్ళ దగ్గర. కంచె అవతల మా బ్లాకుల క్యాంపువాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. "అగో, లోపట కూసున్నడు సూడు, మనోడే!" అని ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. నేను విననట్టు తువ్వాలు మడతపెట్టేవాడిని. తహసీల్దారు కుర్చీలో కూర్చున్నా నాకు అంత నిండుగా ఉండేది కాదేమో.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది మా మైదానంలో కొత్తగా గడ్డి పెంచారు, స్తంభాలకు లైట్లు పెట్టారు. దాంతో క్లబ్బు ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, ఒక ఆశ పుట్టింది. అసలు పోటీలు ఎండలు తగ్గాక మొదలవుతాయి. దానికి ముందు ఒళ్ళు వంగడానికి జట్లు చిన్న చిన్న పోటీలు ఆడుకుంటాయి. ఎప్పుడూ పెద్ద క్లబ్బులే పిలిచేవి, మనవాళ్ళు పోయి ఓడి వచ్చేవాళ్ళు. ఈసారి మనమే పిలుద్దామన్నాడు ముదీర్. మూడు పెద్ద జట్లను పిలిచాడు. మొదటిరోజు నాలుగు జట్లూ జతలుగా రెండు ఆటలు ఆడాలి, గెలిచిన రెండు జట్లూ శుక్రవారం కప్పు కోసం ఆడాలి. ఇక ఆయన హడావుడి చూడాలి, బిడ్డ పెళ్ళి పెట్టుకున్న పేదింటి తండ్రిలాగా ఒకచోట నిలవడు. ఇంటికొచ్చిన చుట్టాల బట్టలు మనమే ఉతికియ్యాలి కదా. అక్కడా అదే మర్యాద. మూడు జట్ల బట్టలు, మన జట్టు బట్టలు. ఒక్క బండమీద అయ్యే పని కాదని ముదీర్ ఒక వాషింగ్ మిషన్ తెప్పించాడు. మిషన్‌తో పాటు దాన్ని తిప్పేవాడూ వచ్చాడు.

ఆయనే నెల్లూరు భాయ్. కరామాలో ముదీర్ బంధువుకు ఒక లాండ్రీ ఉండేది, అందులోంచి తెచ్చారు. నాకంటే చిన్నవాడు. నవ్వితే పళ్ళన్నీ కనిపించేవి. ఉర్దూ, హిందీ, అరబ్బీ అన్నీ వచ్చు. నేను మిషన్‌ను చూసి తెలుగులో ఏదో గొణుక్కుంటే ఎగిరి దగ్గరికొచ్చాడు.

"అన్నా! తెలుగోళ్ళా మీరు? అబ్బ, పాణం లేచొచ్చిందన్నా!"

"ఏడ నీది?"

"నెల్లూరన్నా. మీది?"

"జగిత్యాల దిక్కు."

"యాడైతే ఏందిలేన్నా, మనం మనం ఒకటి."

ఆ మాటకు నాకూ సంతోషమే అయింది. సాయంత్రం దాకా.

సాయంత్రం ఆటగాళ్ళు వచ్చారు. మిషన్‌కు ముందువైపు గుండ్రటి అద్దం, లోపల బట్టలు గిరగిర తిరుగుతున్నాయి. అందరూ గుమిగూడి సినిమా చూసినట్టు చూశారు. నేను అన్నేళ్ళు బండమీద బాదాను, ఒక్కడూ వచ్చి నిలబడి చూసిన పాపాన పోలేదు. మూడు రోజులు తిరిగేసరికి ఎవరి పిల్లాడికి జ్వరం వచ్చిందో, ఎవరికి పెళ్ళి కుదిరిందో భాయ్‌కి తెలిసిపోయింది. నాకు వాళ్ళ బట్టలే తెలుసు, ఎవరి చొక్కా చంకలో ఎంత చిరిగిందో తెలుసు. అది మాట్లాడుకునే సంగతి కాదు కదా.

తర్వాత చేప. కెప్టెన్ సముద్రం నుంచి వచ్చాడు. నేను చేతులు తుడుచుకొని లేచాను. ఆయన కాగితం పొట్లం భాయ్ చేతిలో పెట్టి, వీపుమీద చరిచి, ఏదో అరబ్బీలో జోకు వేసి పోయాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడులెండి, అదీ చెప్పాలి. ఆ రాత్రి భాయ్ చేప పులుసు చేశాడు. చింతపండు వేసి నెల్లూరు పద్ధతిలో. సగం గిన్నెలో పోసి నా మంచం దగ్గరికి తెచ్చాడు.

"తిను అన్నా. నువ్వు తినకుండా నాకు దిగదు."

తిన్నాను. చాలా బాగుంది. అదే బాధ. ఒక్క ముల్లు లేకుండా తీసి పెట్టాడు, అయినా గొంతులో గుచ్చుకుంటూనే ఉంది.

పోటీలకు వారం ఉందనగా ముదీర్ మా ఇద్దరినీ పిలిచాడు. వేలు ఒకటి పైకెత్తి చూపించాడు. "టూర్నమెంట్ ఖలాస్, బాద్‌మే ఏక్ ఆద్మీ. దూస్రా వాపస్." పోటీలు అయిపోయాక ఒక్క మనిషే ఉంటాడు, రెండోవాడు వచ్చినచోటికి పోవాలి. భాయ్ వచ్చినచోటు కరామా లాండ్రీ. నేను వచ్చినచోటు బ్లాకుల ఫ్యాక్టరీ. నా అరచేతులు అప్పుడే సలపడం మొదలుపెట్టాయి. పైగా అప్పటిదాకా పని పంచి ఇచ్చాడు: జెర్సీలన్నీ మిషన్‌లో, అంటే భాయ్‌కి. మేజోళ్ళు, తువ్వాళ్ళు నాకు. నాలుగు జట్ల మేజోళ్ళు! ఆ వాసన గురించి రాయను, మీరు అన్నం తినే వేళ అయి ఉండొచ్చు.

ఆ సాయంత్రం క్యాంపుకు పోయి మా వంటాయన దగ్గర కూర్చున్నాను. ధర్మపురి దిక్కువాడు, నాకంటే పెద్ద. నోరు మహా చెడ్డది.

"ఏందిరా, మొకం గట్ల మాడిపోయింది? మిషిను నీకు సవతా?"

"సవతి గాదు ఏం గాదు. ఆడు మంచోడే అన్నా. గదే గదా!"

"మంచోడైతే నీకేం నొప్పి?"

"చెడ్డోడైతే తిట్టుకుంట నిమ్మలంగ పండుదును."

వంటాయన గరిటె పక్కన పెట్టి నవ్వాడు. "గిది కుళ్ళురా. దీనికి మందు లేదు. బువ్వ తిను."

మొదటిరోజు ఆట వచ్చింది. నేను తువ్వాళ్ళ బుట్ట ఎత్తుకొని బెంచీ దగ్గరికి పోయేసరికి స్టూలుమీద భాయ్ ఉన్నాడు. ముదీరే కూర్చోబెట్టాడట, అరబ్బీ వచ్చినవాడు దగ్గరుంటే మేలని. భాయ్ లేవబోయాడు, "కూర్చో అన్నా" అని. ముదీర్ కసిరాడు. నేను బుట్ట దించి, తిరిగి వచ్చి కంచె దగ్గర నిలబడ్డాను. కంచెకు లోపలివైపే, కానీ కంచె దగ్గరే. అవతల మా క్యాంపువాళ్ళు ఊరుకుంటారా?

"ఏమె, కుర్సీ ఊసిపోయినట్టుందే?"

"మొన్నటిదాంక దొర లెక్క కూసుంటివి. గిప్పుడు మా పక్కపొంటి అచ్చినవ్?"

"ఈడికెల్లి మంచిగ కనవడ్తది," అన్నాను. అబద్ధం. అక్కడి నుంచి గోలు స్తంభం తప్ప ఏమీ కనిపించదు.

ఆ రోజు మనవాళ్ళు ఎట్లా గెలిచారో దేవుడికే తెలియాలి. ఆట సమానమైతే చివర్లో ఒక్కొక్కరూ గోలు కొట్టే పందెం పెడతారు కదా, అందులో గెలిచారు. కెప్టెన్ పరిగెత్తుకొచ్చి స్టూలుమీదున్న భాయ్‌ని అమాంతం పైకెత్తి తిప్పాడు. ఏళ్ళుగా ఆ చొక్కాలు ఉతికినవాడు కంచె దగ్గర ఉన్నాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు గాలిలో తిరుగుతున్నాడు. నేను మేజోళ్ళు ఏరుకున్నాను.

శుక్రవారం కప్పు ఆట, దుబాయ్ నుంచి వచ్చిన పెద్ద జట్టుతో. ఒక షేక్ వస్తున్నాడని, ఆట ముందు జట్టును వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ చేయి కలుపుతాడని తెలిసింది. ఆ వరుస అనే మాట నా చెవిలో పడగానే జమేదారు నిక్కరు కళ్ళముందు నిలబడింది. వరుసగా నిలబడటం అంటే పరేడ్. పరేడ్ అంటే గంజి. మిషన్ ఎంత తిరిగినా గంజి పెట్టగలదా? షేక్ చూస్తాడు, ఎవరు చేశారంటాడు, అప్పుడు నన్ను పిలవక తప్పదు. ఒక్క జాములో నా స్టూలు నాకు వస్తుంది.

శుక్రవారం పొద్దున భాయ్ మన జట్టు తెల్ల జెర్సీలు మిషన్‌లో వేసి, తీసి, తీగమీద ఆరేసి, జుమ్మా నమాజుకు బయలుదేరాడు.

"అన్నా, గాలికి పడిపోకండా కాస్త చూస్తుండన్నా."

"నువ్వు పో, నేనున్నగా."

ఆయన మలుపు తిరగడం ఆలస్యం, నేను బకెట్ పట్టుకొని క్యాంపు వంటింటికి పరుగు. శుక్రవారం కాబట్టి పెద్ద గుండిగ నిండా అన్నం, అప్పుడే గంజి వారుస్తున్నారు.

"గింత గంజి ఏంజేస్తవ్‌రా? తాగుతవా?" అన్నాడు వంటాయన.

"తాగుడు గాదు, తొడుగుడు."

మా అమ్మ లెక్క ఒకటుండేది. ఒకపాలు గంజికి రెండుపాళ్ళ నీళ్ళు, ఆపైన గుడ్డలో వడకట్టు. నాకు ఆ లెక్క బాగా తెలుసు. కానీ ఆనాడు నీళ్ళు కలపబుద్ధి కాలేదు. నీళ్ళు కలిపితే నా గొప్ప పలచబడుతుందనిపించింది. చిక్కటి గంజిలో జెర్సీలు ముంచాను. అప్పటి జెర్సీలు నూలువి, బాగా పీల్చుకున్నాయి. అక్కడి ఎండకు గంట కాకముందే అప్పడాల్లా అయ్యాయి. నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేశాను. మడత పెడుతుంటే ఫెళఫెళమని చప్పుడు. ఇన్నేళ్ళ పనిలో అంత అందంగా బట్ట పెట్టలేదు నేను.

భాయ్ వచ్చి చూసి నోరు తెరిచాడు.

"ఏందన్నా ఇది! ఇస్త్రీ కూడా చేసేశావా? ఎట్టా మెరస్తుండాయో చూడు! నా పని గదన్నా ఇది, నువ్వు చేసినావే!"

గంజి సంగతి చెబుదామని నేను నోరు తెరిచేలోగా ముదీర్ బయటనుంచి కేక పెట్టాడు, షేక్ కార్లు వచ్చేశాయని. భాయ్ ఆ దొంతర గుండెకు హత్తుకొని బట్టలు మార్చుకునే గదికి పరుగెత్తాడు. నా చేతిలో ఇస్త్రీపెట్టె మిగిలింది.

లైట్లు వెలిగాయి. మనవాళ్ళు వరుసగా నిలబడ్డారు. ఎదుటి జట్టు పెద్దదే, ఖరీదైన బట్టలే, కానీ మనవాళ్ళ పక్కన రాత్రంతా బస్సులో వచ్చినవాళ్ళలా కనిపించారు. మన జెర్సీలు భుజం దగ్గర కత్తి అంచులా నిలబడ్డాయి. షేక్ ఒక్కొక్కరికీ చేయి కలుపుతూ వచ్చి కెప్టెన్ దగ్గర ఆగాడు. ఆయన చొక్కా చేతిని రెండు వేళ్ళతో పట్టి నలిపి చూశాడు. ఏదో అడిగాడు. ముదీర్ ముఖం చాటంత అయింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపి చూపించాడు. స్టూలుమీది నుంచి భాయ్ లేచి, గుండెమీద చెయ్యి పెట్టుకొని తల వంచాడు.

నిజానికి ఆయన ఏం చేయగలడు? షేక్ ముందు, అంతమందిలో, "నేను కాదు, అదిగో ఆ కంచె దగ్గరున్నవాడు" అని కేక పెడతాడా? ఈ మాట నాకు ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం నా పొట్టలో బానకింది మంట లేచింది. అవతల మా క్యాంపువాడొకడు చప్పట్లు కొట్టాడు. "ఎవని కోసమే కొడ్తున్నవ్?" అని మీద పడ్డాను.

ఆట మొదలైంది. మీలో సెప్టెంబరు నెలలో ఆ సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలుసు, సూర్యుడు పోయాక కూడా ఉక్క ఎట్లా ఉంటుందో. నిలబడితేనే నీళ్ళు కారతాయి, పరుగెత్తితే చెప్పాలా? పావుగంటలో మనవాళ్ళు తడిసిపోయారు. ఆ చెమటకు గంజి మళ్ళీ గంజి అయింది. మా ఠాణా జమేదారు జన్మలో ఎన్నడూ పరుగెత్తినవాడు కాదు. ఆ ముక్క నాకు ఆ క్షణందాకా తట్టలేదు.

మొదట భుజాలు కూలాయి. తర్వాత చొక్కాలు వీపుకు అతుక్కున్నాయి. చంకల్లో జిగట. మెడ చుట్టూ గరుకు అంచు ఒరుసుకొని ఎర్రగా కమిలింది. అందరూ గోక్కోవడం మొదలుపెట్టారు. ఒకడు పరుగెత్తుతూ గోక్కుంటాడు, ఒకడు ఆగి గోక్కుంటాడు. ఒక మూల నుంచి బంతి మన గోలు ముందుకు ఎగిరి వచ్చేసరికి, దాన్ని తలతో కొట్టాల్సినవాడి రెండు చేతులూ తన కాలరులో ఉన్నాయి. గోలు. రెండోసారి మన గోల్‌కీపర్ చేతులెత్తబోతే చొక్కా చంకల దగ్గర అంటుకుపోయి పైకి రాలేదు. అదీ గోలే. అక్కడ మాత్రం నేను కంచె దగ్గరనుంచి చాలా బాగా చూశాను. గోలు స్తంభం తప్ప ఏమీ కనిపించదన్నాను కదా.

హాఫ్ టైమ్ అయింది. తువ్వాళ్ళ బుట్ట ఎత్తుకొని గదిలోకి పోయాను. గుమ్మంలోనే పులిసిన గంజి వాసన కొట్టింది. ఆటగాళ్ళందరూ జెర్సీలు పీకి కింద విసిరేసి గోక్కుంటున్నారు. ముదీర్ ఒక జెర్సీని భాయ్ ముఖం ముందు ఊపుతున్నాడు.

"ఏష్ హాదా? ఏష్ హాదా? మిషిన్‌మే క్యా డాలా తుమ్?" ఇదేంది, మిషన్‌లో ఏం పోశావు అని.

భాయ్ ఆ చొక్కా అందుకొని, వేళ్ళమధ్య నలిపి, వాసన చూశాడు. వరి పండే నెల్లూరువాడికి గంజి వాసన తెలియదా? తల ఎత్తి, గదంతా వెతికి, గుమ్మంలో నన్ను చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. ఇప్పుడు వేలు చూపిస్తాడు అనుకున్నాను. చూపించలేదు. తల దించుకొని, "మాఫ్ కరో సాబ్" అన్నాడు.

ఇదిగో, ఇక్కడే ఆయన కథకూ నా కథకూ తేడా. ఆయనను చూసి నాకు జాలి కలిగిందని ఆయన చెప్తాడు. జాలి కాదు. షేక్ మెప్పు ఆయనే తీసుకున్నాడు, ఇప్పుడు తిట్లు కూడా ఆయనే తీసుకుంటున్నాడు. నా గంజికి వచ్చిన పేరూ ఆయనకే, చెడ్డపేరూ ఆయనకే. మరి నాకేం మిగిలింది, మేజోళ్ళా? బుట్ట చేతిలోంచి జారిపోయింది.

"ఏయ్! గా గంజి నాది! నేనే వెట్టిన!" అని అరిచాను. తెలుగు ఎవరికి అర్థమవుతుంది? గుండెలు బాదుకుంటూ మళ్ళీ హిందీలో అరిచాను. "మేరా హై సాబ్! ఇస్కా నహీ, మేరా! మై లగాయా! చావల్ కా పానీ!"

అన్నం నీళ్ళు అని ముదీర్‌కు భాయ్ మెల్లగా అరబ్బీలో చెప్పాడు. ఒకరినుంచి ఒకరికి ఆ మాట పాకింది. కెప్టెన్ మెడ మిరపపండులా ఉంది. ఆయన కింద పడున్న చొక్కాను చూశాడు, నన్ను చూశాడు, తన వచ్చీరాని హిందీలో అడిగాడు.

"చావల్ హమారే ఊపర్. మచ్చీ కిధర్?" అన్నం మా మీద పోశావు సరే, చేప ఏదీ?

గదంతా గోక్కుంటూ నవ్వింది. ముదీర్ ఒక్కడే నవ్వలేదు.

భాయ్ మిషన్‌లో ఉతికి పెట్టిన పాత ప్రాక్టీసు చొక్కాలు ఉన్నాయి, వెలిసిపోయిన పసుపువి. అవి వేసుకొని పోయి మనవాళ్ళు ఒక గోలు తిరిగి కొట్టారు. రెండోది కొట్టలేకపోయారు. షేక్ కప్పును దుబాయ్‌వాళ్ళ చేతుల్లో పెట్టి, ఆ వెలిసిన పసుపును ఒకసారి వింతగా చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ముదీర్ నన్ను పిలిచి ఒక్కటే మాట అన్నాడు. "బ్లాక్ ఫ్యాక్టరీ. యల్లా." ఇక నడువు అని. నేను మూట కట్టుకున్నాను. బండను ఒకసారి కడిగి పెట్టాను, ఎందుకో. తిరిగి వచ్చేసరికి భాయ్ ముదీర్ ముందు నిలబడి ఏదో చెప్తున్నాడు. పొడుగ్గా, గొంతు ఒకసారి పెంచుతూ, ఒకసారి దించుతూ. మధ్యలో నన్ను చూపిస్తాడు, తన గుండెను చూపిస్తాడు. అంత అరబ్బీ నాకు రాదు. ముదీర్ వింటూ వింటూ నావైపు చూశాడు. అంతకుముందు నన్నెవరూ అట్లా చూడలేదు, పెద్దమనిషిని చూసినట్టు. చివరికి లేచివచ్చి నా మూట నా భుజంమీంచి తనే దించి, "తుమ్ బైఠో" అన్నాడు.

బయటికి రాగానే భాయ్‌ని నిలదీశాను.

"ఏం చెప్పినవ్?"

"జరిగిందే చెప్పానన్నా. నా మీదికొచ్చినదాన్ని నీ మీదికి లాక్కున్నావని. ఎవురు చేస్తారన్నా అట్టా? సొంత అన్న గూడా చెయ్యడు."

"అరే, గంజి వెట్టిందే నేను గద!"

"నాకు తెలీదా? నా పని తేలిక చేద్దామనే గదా పెట్టావు. అందుకే, అన్నను ఉండనీండి, నేను కరామా పోతానని చెప్పా."

"నువ్వెందుకు పోవాలె?"

"నాకు నాలుగు భాషలొస్తాయిన్నా, యాడైనా బతుకుతా. నువ్వు ఆ బ్లాకులు ఎత్తలేవు."

చూశారా? అది కూడా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు స్టూలు వచ్చింది, మిషన్ కూడా వచ్చింది. కానీ ఆయన ఇస్తే వచ్చింది. గెలిచి తెచ్చుకుందామనుకున్నదాన్ని దానంగా పుచ్చుకుంటే ఎట్లా ఉంటుందో, మీకు ఎన్నడైనా జరిగితే తెలుస్తుంది.

వెళ్ళేముందు కొన్నాళ్ళుండి నాకు మిషన్ నేర్పాడు. "ఈ బొత్తాం నొక్కన్నా, నీళ్ళు అదే తీసుకుంటది. బాదబాకన్నా దాన్ని!" బదులుగా ఆయన ఒకటి అడిగాడు, గంజి అసలు ఎట్లా పెట్టాలని. మా అమ్మ లెక్క చెప్పాను. ఒకపాలు గంజికి రెండుపాళ్ళ నీళ్ళు, ఆపైన వడకట్టు. చెప్పకుండా ఉండాల్సింది.

నేను ఇంటికి తిరిగొచ్చేదాకా ఆ స్టూలుమీదే కూర్చున్నాను. కెప్టెన్ మళ్ళీ చేపలు ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ, "చావల్ కిధర్?" అని అడిగేవాడు. ఇక భాయ్ కరామాలో కొన్నాళ్ళకు తనే ఒక లాండ్రీ పెట్టాడు. ఒకసారి అల్ కుసైస్‌లో మా మేనల్లుడి క్యాంపుకు పోతూ భాయ్ దుకాణం దగ్గర ఆగాను. దుకాణం నిండా అరబ్బుల కందూరాలు, తలగుడ్డలు, ఒక్కొక్కటీ నిటారుగా. ఎక్కడెక్కడి నుంచో కార్లలో తెచ్చి ఇస్తున్నారు. "గంజికి పేరన్నా మన దుకాణం" అన్నాడు భాయ్. మన దుకాణం అన్నాడు. టీ తెప్పించి, అక్కడున్న తెలుగువాళ్ళందరినీ పిలిచి, నన్ను చూపించి కథ మొదలుపెట్టాడు. మొదటిసారి నేను వినడం అదే. కెప్టెన్ గొంతు, ముదీర్ నడక, నా గుండెలు బాదుకోవడం అన్నీ చేసి చూపించాడు. నేను కూడా నవ్వాను. అంత బాగా చెప్పాడు మరి.

పిల్లలూ, మీరు కొలువుల్లో చేరతారు, మీ పక్కన ఒక మంచివాడు వచ్చి కూర్చుంటాడు. మీకంటే బాగా మాట్లాడతాడు, మీకంటే తొందరగా నలుగురిలో కలిసిపోతాడు, పైగా మీకు సగం చేప తెచ్చి పెడతాడు. అప్పుడు నన్ను తలచుకోండి. ఏం చేయాలో మాత్రం నన్నడగకండి, నాకు ఇప్పటికీ తెలియదు.

ఈమధ్య నెల్లూరులో భాయ్ మనవరాలి పెళ్ళికి పిలిస్తే పోయాను. ఇద్దరికీ తలలు పండిపోయాయి. విందు దగ్గర ఆయన నిలబడి మళ్ళీ ఆ కథ చెప్పాడు, అందరూ కళ్ళు తుడుచుకున్నారు, నాకు దండాలు పెట్టారు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తెల్ల జుబ్బా వేసుకొని ఉన్నాడు. నా చేయి ఊరుకోలేదు, ఆనాడు షేక్ పట్టుకున్నట్టే దాని అంచును రెండు వేళ్ళతో పట్టి చూశాను.

"గంజి ఎవరు వెట్టిండ్రు?"

"ఇంకెవురన్నా, నేనే. మీ అమ్మ లెక్కే."

పొద్దున్నుంచీ పెళ్ళి పనుల్లో తిరుగుతున్న మనిషి. నెల్లూరు ఉక్క తెలుసు కదా, మెడంతా చెమట. అయినా జుబ్బా ఎక్కడా కూలలేదు, ఎక్కడా అంటుకోలేదు. చప్పుడు లేదు, జిగట లేదు. మా అమ్మ చేతి గంజే అది. అటువంటిది నా చేతికి ఒక్కసారి కూడా రాలేదు.

"ఎట్టుందన్నా?" అన్నాడు నా ముఖంలోకి చూస్తూ.

"జర ఎక్కువైంది భాయ్," అన్నాను.

ఎక్కువ కాలేదు.